ఇంగ్లండ్ ఇంట్లో హీటింగ్ ఆగిపోతే: ఇంజనీరుకు ఫోన్ చేసే ముందు మనం చేసుకోగల పనులు

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఒకటే గొడవ. బాయిలర్ ఆన్ కావట్లేదు, చిన్న బెడ్‌రూంలో రేడియేటర్ చల్లగానే ఉంది, ప్రెషర్ సున్నా చూపిస్తోంది, తెలిసిన ఇంజనీరు ఎవరైనా ఉంటే నంబర్ ఇవ్వండి. వీటిలో చాలావాటికి ఇంజనీరు అక్కర్లేదు. గీజర్ తప్ప ఇంకేమీ చూడకుండా పెరిగినవాళ్లం కాబట్టి వంటింటి గోడకి తగిలించిన ఆ తెల్ల పెట్టెని, అంటే బాయిలర్‌ని, దాని కింద వేలాడే అన్ని పైపుల్ని చూస్తే చెయ్యి పెట్టాలంటే భయం వేస్తుంది, అది సహజమే. కానీ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి అర్థమైతే, వేడి ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిపోయిందో చేత్తో తడిమి కనిపెట్టొచ్చు. నా దృష్టిలో సగం రిపేరు అదే.

ముందు ఒక హద్దు గీసుకుందాం. నీళ్లకు సంబంధించినవి, అంటే ప్రెషర్, రేడియేటర్లు, వాటి వాల్వులు, థర్మోస్టాట్, బయట గడ్డకట్టిన పైపు, ఇవి మనం చూసుకోవచ్చు. గ్యాస్ వైపు, బాయిలర్ ముందు కవర్ విప్పితే కనిపించేవి, పొగ బయటికి వెళ్లే గొట్టం, వీటి జోలికి అస్సలు పోకూడదు. చాలా బాయిలర్లలో ఆ కవర్ ఉత్త మూత కాదు, లోపలి పొగ గదిలోకి రాకుండా ఆపే సీలు కూడా అదే. గ్యాస్ పని వృత్తిగా చేసేవాళ్లు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండి తీరాలి. 2009 ఏప్రిల్ 1కి ముందు ఆ స్థానంలో కోర్గీ ఉండేది, అందుకే పాతకాలం వాళ్లు ఇప్పటికీ కోర్గీ ఇంజనీర్ అంటుంటారు.

గ్యాస్ వాసన వస్తే ఇక కింద రాసినవేవీ చదవొద్దు. లైట్ స్విచ్ వేయొద్దు, ఉన్నది ఆపొద్దు, పొయ్యి వెలిగించొద్దు. తలుపులు, కిటికీలు తెరిచి, మీటర్ దగ్గరున్న హ్యాండిల్‌ని పైపుకి అడ్డంగా వచ్చేలా తిప్పండి. మన దగ్గర సిలిండర్ రెగ్యులేటర్ ఆపేసినట్టే అనుకోండి, ఇంటికంతా ఒకటే రెగ్యులేటర్ ఉన్నట్టు. తర్వాత బయటికి వెళ్లి 0800 111 999కి ఫోన్ చేయండి, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ మూడింటికీ రాత్రీ పగలూ పనిచేసే నంబర్ అది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు కాబట్టి దాని విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో ఉన్నంతసేపూ తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం ఉండి బయటికి వెళ్తే తగ్గుతోందంటే, లేదా అలారం మోగిందంటే, బాయిలర్ ఆపేసి అందరూ బయటికి వచ్చేయాలి. ఆ అలారం ఇంట్లో లేకపోతే ఈ వారమే కొనండి, ఖరీదు పెద్దగా ఉండదు.

ఇప్పుడు ఇల్లు ఎలా వేడెక్కుతుందో చూద్దాం. మనవాళ్లు ఉండే ఫ్లాట్లలో, చిన్న ఇళ్లలో ఎక్కువగా ఉండేది కాంబి బాయిలర్. ఒకటే పెట్టె రెండు పనులు చేస్తుంది. కుళాయి తిప్పితే మెయిన్ నుంచి వచ్చే చన్నీళ్లని అప్పటికప్పుడు వేడిచేసి ఇస్తుంది. హీటింగ్ కోసం మాత్రం వేరే నీళ్లుంటాయి. అవి ఇంటి పైపుల్లో, రేడియేటర్లలో మూసి ఉన్న చుట్టులో ఎప్పుడూ అవే తిరుగుతుంటాయి. పంపు వాటిని తోస్తుంది, బాయిలర్ వేడిచేస్తుంది, అవి ఒక్కో రేడియేటర్‌లోకి ఒకవైపు నుంచి వెళ్లి వేడి వదిలేసి ఇంకోవైపు నుంచి తిరిగొస్తాయి. ఎవరైనా షవర్ చేస్తున్నంతసేపూ బాయిలర్ తన బలమంతా కుళాయి నీళ్లకే ఇస్తుంది కాబట్టి అప్పుడు రేడియేటర్లు కాసేపు చల్లబడతాయి, అది రిపేరు కాదు. అటక మీద ట్యాంకు, బీరువాలాంటి అరలో రాగి సిలిండర్ ఉండి బాయిలర్ మీద ప్రెషర్ మీటర్ లేకపోతే మీది పాత పద్ధతి సిస్టమ్. దానికి కింద చెప్పబోయే ప్రెషర్ సంగతి వర్తించదు, మిగతావి దాదాపు అవే.

అసలేమీ వేడెక్కకపోతే

చిన్నవాటి నుంచి మొదలుపెట్టాలి. చిన్నచిన్న వాటి కోసమే జనం కాల్‌అవుట్ చార్జీ కట్టుకుంటుంటారు, నాకు బాధ కలిగించేది అదే. గోడ మీద బాయిలర్‌కి ఒక ప్రత్యేకమైన స్విచ్ ఉంటుంది, దాంట్లోనే 3 ఆంప్స్ ఫ్యూజ్ ఉంటుంది. పిల్లలో, ఇల్లు శుభ్రం చేసినవాళ్లో దాన్ని ఆపేసి ఉండొచ్చు. డిస్‌ప్లే అసలు వెలగకపోతే ముందు అదీ, తర్వాత మెయిన్ బోర్డులో ట్రిప్ అయిందా అన్నదీ చూడండి. ఫ్యూజ్ మార్చాక మళ్లీ పోయిందంటే ఇంక ఆగిపోండి, లోపల ఏదో షార్ట్ అవుతోందని అర్థం.

తర్వాత థర్మోస్టాట్. వైర్‌లెస్‌ది అయితే బ్యాటరీలు మార్చండి, బ్యాటరీ తగ్గిందన్న గుర్తు కనిపించకపోయినా సరే. గది ఉష్ణోగ్రత కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ పెట్టి చూస్తే బాయిలర్ దగ్గర క్లిక్‌మని శబ్దమో, చిన్న మంట గుర్తో రావాలి. టైమర్ ఉన్నవాళ్లు అందులో గడియారం చూసుకోండి. అక్టోబరు చివరి ఆదివారం దేశమంతా గంట వెనక్కి తిప్పుకుంటుంది, పాత టైమర్ తిప్పుకోదు. కరెంటు పోయి వచ్చాక కొన్ని టైమర్లు అర్ధరాత్రి 12 నుంచి మొదలుపెడతాయి, దాంతో ఉదయం రావాల్సిన హీటింగ్ మధ్యాహ్నం వస్తుంది.

గ్యాస్ పొయ్యి వెలుగుతోందా? వెలిగితే ఇంటికి గ్యాస్ వస్తున్నట్టే. వెలగకపోతే ప్రీపేమెంట్ మీటర్‌లో డబ్బులు అయిపోయి ఉండొచ్చు, స్టూడెంట్లు కలిసి ఉండే ఇళ్లలో ఇది మామూలే. స్మార్ట్ మీటర్ అయితే టాప్‌అప్ చేసినంత మాత్రాన సరిపోకపోవచ్చు, మీటర్ మీద బటన్ నొక్కి సప్లై మళ్లీ ఆన్ చేయాల్సి వస్తుంది.

ఇక్కడే ఇంకో పరీక్ష పెట్టండి. వేడినీళ్ల కుళాయి తిప్పండి. నీళ్లు వేడిగా వస్తూ రేడియేటర్లు మాత్రం చల్లగా ఉన్నాయంటే బాయిలర్ మంట బాగానే ఉంది, తప్పు థర్మోస్టాట్‌లోనో, టైమర్‌లోనో, లేదా బాయిలర్ లోపల నీళ్లని అటా ఇటా మళ్లించే డైవర్టర్ వాల్వులోనో ఉంది. కుళాయి తిప్పినప్పుడు మాత్రమే రేడియేటర్లు గోరువెచ్చగా అవుతున్నాయంటే డైవర్టర్ మీద అనుమానం దాదాపు ఖాయం. అది మార్చడం మన పని కాదు, కానీ ఫోన్‌లో ఈ ఒక్క మాట చెప్పగలిగితే ఇంజనీరు స్పేర్ పార్టు వెంట తెచ్చుకుంటాడు.

డిస్‌ప్లే మీద కోడ్ కనిపిస్తే ఫొటో తీసుకోండి. కంపెనీని బట్టి కోడ్ మారుతుంది. వైలెంట్ కంపెనీ బాయిలర్‌లో ఎఫ్22 అన్నా, ఐడియల్ కంపెనీ లాజిక్ మోడల్‌లో ఎఫ్1 అన్నా నీళ్ల ప్రెషర్ తగ్గిందని. వైలెంట్ ఎఫ్28, వూస్టర్ కంపెనీ బాయిలర్‌లో ఈఏ, ఐడియల్ ఎల్2 కనిపిస్తే మంట వెలగలేదని లేదా వెలిగి నిలవలేదని. రీసెట్ ఒకటి రెండుసార్లు నొక్కొచ్చు. పదేపదే నొక్కుతూ కూర్చోవడం మంచిది కాదు, అది ఆగిపోవడం వెనక కారణం ఉంటుంది.

ప్రెషర్

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. బాయిలర్ మీద గుండ్రటి ముల్లు మీటరో, డిజిటల్ అంకెలో ఉంటాయి. సిస్టమ్ చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. వేడెక్కాక నీళ్లు వ్యాకోచిస్తాయి కాబట్టి 2 దాకా వెళ్లినా కంగారు లేదు. బాగా పడిపోతే బాయిలర్ వెలగనని మొండికేస్తుంది.

నీళ్లు నింపడానికి ఫిల్లింగ్ లూప్ ఉంటుంది. బాయిలర్ కింద వంగి చూస్తే వెండి రంగు అల్లికతో ఒక పైపు, దానికి ఒక చివరో రెండు చివరలా చిన్న వాల్వులు. కొన్ని మోడళ్లలో పైపు ఉండదు, ప్లాస్టిక్ తాళం చెవి లాంటిదో, నీలం లివరో ఉంటుంది, అలాంటప్పుడు మీ మోడల్ పేరుతో మాన్యువల్ వెతికి చూడటం మేలు. పైపే కనిపించకపోతే బాయిలర్ ఉన్న అలమరలో వెతకండి. వాడుకున్నాక దాన్ని విప్పి పక్కన పెట్టాలన్నది ఇక్కడి నీటి నిబంధన, తాగేనీళ్ల లైనుతో ఆ మురికినీళ్ల లైను ఎప్పుడూ కలిసి ఉండకూడదని.

బాయిలర్ ఆపి చల్లారనివ్వండి. పైపు రెండు చివరలా బిగుతుగా ఉందో లేదో చేత్తో చూసి, ఒక వాల్వు పూర్తిగా తెరవండి. రెండోదాన్ని మెల్లగా, కొంచెం కొంచెంగా తిప్పుతూ కళ్లు మీటర్ మీదే ఉంచండి. సర్‌మని నీళ్లు పోతున్న శబ్దం వస్తుంది, ముల్లు కదులుతుంది. 1.3 దగ్గరికి రాగానే రెండు వాల్వులూ మూసేయండి, రెండూ, ఒకటి కాదు. సగం మూసి వదిలేస్తే తెల్లారేసరికి ప్రెషర్ 3కి ఎక్కి కూర్చుంటుంది. ఎక్కువైపోతే భయపడొద్దు, చల్లగా ఉన్న ఒక రేడియేటర్ దగ్గర, కింద చెప్పబోయే గాలి తీసే పద్ధతిలోనే, కొంచెం నీళ్లు వదిలితే దిగుతుంది.

ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపాల్సి రావడం మామూలే. వారానికోసారి నింపుతున్నారంటే మాత్రం నీళ్లు ఎక్కడికో పోతున్నాయి, నింపుకుంటూ పోవడం పరిష్కారం కాదు. పైగా కొత్త నీళ్లతో పాటు ఆక్సిజన్ లోపలికి వెళ్లి రేడియేటర్లు లోపలినుంచి తుప్పు పడతాయి. అప్పుడు రెండు చోట్ల వెతకాలి. ఒకటి, ఇంట్లో ప్రతి రేడియేటర్ వాల్వు కింద పొడి టిష్యూ పెట్టి తుడవండి. కంటికి కనిపించని తడి కాగితానికి తెలుస్తుంది. ఇత్తడి మీద ఆకుపచ్చగానో తెల్లగానో పొర కట్టి ఉంటే అక్కడ ఎన్నాళ్ల నుంచో చెమర్చుతోందని అర్థం, నట్టు స్పానర్‌తో ఒక పావు తిప్పు బిగిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. రెండోది, బాయిలర్ ఉన్న గోడకి బయటివైపు, సన్నని రాగి పైపు బయటికొచ్చి గోడవైపు వంగి ఉంటుంది. లోపల ప్రెషర్ 3 బార్ దాటితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆ నీళ్లు అందులోంచి వదిలేస్తుంది. దాని చివర ఒక చిన్న ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టి ఒకరోజు తర్వాత చూడండి. సంచిలో నీళ్లుంటే ఇంట్లో లీకు వెతకాల్సిన పని లేదు. హీటింగ్ వేయగానే ముల్లు 3 వైపు పరుగెత్తి, చల్లారాక సున్నాకి పడిపోతుంటే వ్యాకోచాన్ని తట్టుకోవాల్సిన ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి పోయింది. దాన్ని ఇంజనీరుకే వదిలేయండి, కానీ కొత్త బాయిలర్ కొనాల్సినంత జబ్బు కాదది. ఎవరైనా అలా చెప్తే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.

రేడియేటర్‌ని చేత్తో చదవడం

హీటింగ్ వేసి అరగంట ఆగి, ఒక్కో రేడియేటర్‌ని పైన, కింద, మధ్యలో తాకి చూడండి. బాగా కాలుతుంది కాబట్టి అరచెయ్యి ఆనించకండి, వేళ్ల వెనకవైపుతో తాకండి. పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే లోపల గాలి. పైన వేడిగా ఉండి కింద మధ్యలో చల్లగా ఉంటే అడుగున బురద. మొత్తం చల్లగా ఉంటే నీళ్లు లోపలికే పోవట్లేదు.

గాలి తీయడం తేలిక. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా చిన్న ఇత్తడి తాళం చెవి దొరుకుతుంది, రేడియేటర్ పైమూలలో ఉండే చదరపు ముక్కకి సరిగ్గా పడుతుంది. హీటింగ్ ఆపేసి పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. పంపు నడుస్తుంటే గాలి పైకి చేరదు, పైగా చెయ్యి కాలుతుంది. కింది అంతస్తు నుంచి పైకి వెళ్లండి. పాత తువ్వాలు ఒకటి, చిన్న గిన్నె ఒకటి దగ్గర పెట్టుకుని ఎడమవైపుకి అర తిప్పు తిప్పండి చాలు. స్‌స్ మని గాలి పోతుంది, తర్వాత తుప్పర్లు, తర్వాత సన్నని ధారగా నీళ్లు. ధార నిలకడగా రాగానే బిగించేయండి. ఆ స్క్రూ మొత్తం విప్పితే చేతిలోకి ఊడొచ్చి నల్లనీళ్లు గోడ మీదికి కొడతాయి, ఇక్కడి లేత రంగు కార్పెట్ మీద ఆ మరక పోదు, డిపాజిట్‌లోంచి కోత పడుతుంది. అన్నీ అయ్యాక బాయిలర్ దగ్గరికి వెళ్లి ప్రెషర్ చూడండి, గాలి పోయిన మేరకు తగ్గి ఉంటుంది, మళ్లీ నింపాలి. ఈ చివరి ముక్క మర్చిపోయి, గాలి తీశాక బాయిలర్ పాడైందని అనుకునేవాళ్లు చాలామంది.

ఒకే రేడియేటర్‌లో నెలనెలా గాలి చేరుతోందంటే అది బయటి గాలి కాకపోవచ్చు. లోపల ఇనుము తుప్పు పట్టేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అది మండే వాయువు, అందుకే గాలి తీసేటప్పుడు దగ్గర్లో కొవ్వొత్తి, సిగరెట్ ఉండకూడదు. తుప్పు ఆపే ఇన్‌హిబిటర్ మందు తగ్గిపోయిందని దానర్థం. లీటరు సీసా ఒకటి మామూలుగా ఓ పది రేడియేటర్ల ఇంటికి సరిపోతుంది.

మొత్తం చల్లగా ఉన్న రేడియేటర్ దగ్గర నేను మొదట చూసేది పిన్ను. పక్కన అంకెలున్న ప్లాస్టిక్ తల ఉంటుంది చూడండి, దాన్ని టీఆర్‌వీ అంటారు. గది వెచ్చబడితే తనే నీళ్లు తగ్గిస్తుంది. 3 మీద పెడితే గది దాదాపు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది, నక్షత్రం గుర్తు అంటే గడ్డకట్టకుండా కాపాడేంత మాత్రమే. స్లావ్‌లో ఒక స్నేహితుడి ఇంటికి ఫిబ్రవరిలో రాజమండ్రి నుంచి వాళ్ల అమ్మానాన్న వచ్చారు, వాళ్లకిచ్చిన గదిలోనే రేడియేటర్ పనిచేయట్లేదు. చూసిపోయిన ఒకాయన రేడియేటరే మార్చాలని లెక్క రాసిచ్చాడు. మేం ఆ తలని 5 మీద పెట్టి కింద ఉన్న రింగ్ విప్పి పైకి తీస్తే లోపల అగ్గిపుల్ల మందాన ఉక్కు పిన్ను, పూర్తిగా కిందికి దిగి అలాగే ఉండిపోయింది. వేసవంతా ఎవరూ తిప్పకుండా మూసి ఉంచిన గది అది. ఇత్తడి బాడీ పక్కన స్పానర్‌తో మెల్లగా రెండు దెబ్బలు కొట్టి, కొంచెం డబ్ల్యూడీ-40 చల్లి, కాసేపు ఆగి చెంచా వెనకవైపుతో నొక్కి వదులుతుంటే టిక్కుమని రెండు మిల్లీమీటర్లు పైకి లేచింది. కింద పైపు నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఆయమ్మ అప్పటిదాకా శాలువా మీద స్వెట్టర్ వేసుకుని కూర్చుంది పాపం.

ఆ పిన్నుని పట్టకారుతో పట్టుకుని బలంగా పైకి లాగకండి. ఊడొస్తే నీళ్లు ఆగవు. నొక్కడం, వదలడం, అంతే. కదలకపోతే వాల్వు మార్చాలి, సిస్టమ్ ఖాళీ చేసి చేసే పని అది. వేసవి మొదట్లో టీఆర్‌వీలన్నీ 5 మీద పెట్టి వదిలేస్తే పిన్ను పైకే ఉంటుంది, పట్టేయదు. ఇంకో సంగతి, తడిబట్టలు రేడియేటర్ మీద ఆరేస్తే, కర్టెన్ దాని మీద పడితే, సోఫా ఆనించి పెడితే ఆ తల చుట్టూ మాత్రమే వెచ్చబడి, గది చల్లగా ఉండగానే నీళ్లు ఆపేస్తుంది. మన ఇళ్లలో చలికాలమంతా బట్టలు అక్కడే ఆరతాయి కాబట్టి కనీసం ఆ తల వైపైనా వదిలేయండి.

బాయిలర్‌కి దగ్గరున్న గదులు ఉడికిపోతూ చివరి గది చల్లగా ఉంటే పిన్ను తప్పు కాదు, నీళ్లు తేలికైన దారిలో పోతున్నాయి. రేడియేటర్ రెండోవైపు ప్లాస్టిక్ టోపీ కింద ఉండేది లాక్‌షీల్డ్ వాల్వు, ఆ రేడియేటర్ గుండా ఎన్ని నీళ్లు పోవాలో సరిచేసేది అదే. అన్నీ పూర్తిగా తెరిచి, చల్లటి సిస్టమ్‌ని ఆన్ చేసి ఏది ముందు వేడెక్కుతోందో వరసగా కాగితం మీద రాసుకోండి. ముందు వేడెక్కినదాని లాక్‌షీల్డ్ దాదాపు మూసి, మళ్లీ పావు తిప్పు తెరవండి. తర్వాతదానికి కొంచెం ఎక్కువ, అలా పోతూ చివరిదాన్ని పూర్తిగా తెరిచి ఉంచండి. ఒకసారి మార్చాక వేడి సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది, ఒక సెలవురోజు పెట్టుకోవాల్సిందే, తొందరపడితే అయ్యే పని కాదు.

బురద సంగతి కొంచెం పెద్దది. రేడియేటర్ ఉక్కు తుప్పుపట్టి నల్లటి మాగ్నెటైట్‌గా మారి అడుగున పేరుకుంటుంది, పేరులోనే ఉన్నట్టు అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఒకటీ అరా అయితే రెండు వైపులా వాల్వులు మూసి, రేడియేటర్ విప్పి తోటలోకి తీసుకెళ్లి గొట్టంతో కడగొచ్చు, కానీ విప్పేముందు లాక్‌షీల్డ్ ఎన్ని తిప్పులకి మూసుకుందో రాసుకోవాలి, లోపల నల్లనీళ్లు లీటర్లకొద్దీ ఉంటాయి, ఇద్దరు మనుషులు కావాలి. ఇల్లంతా అదే పరిస్థితి అయితే మనిషిని పిలిచి ఫ్లష్ చేయించి, తిరిగొచ్చే పైపుకి అయస్కాంతం ఫిల్టర్ పెట్టించుకోండి. దీని మీద పెట్టిన డబ్బు వృథా పోదని నా గట్టి నమ్మకం, బాయిలర్‌లో పంపుని, సన్నటి దారులున్న భాగాల్ని చంపేది ఈ బురదే.

మంచు పడిన ఉదయం

రాత్రి మైనస్‌కి పడిపోయి, తెల్లారి బాయిలర్ మంట వెలగని కోడ్ చూపిస్తూ లోపల గుడగుడమంటుంటే, పొయ్యి మీద గ్యాస్ మాత్రం బాగానే వస్తుంటే, బయటికి వెళ్లి తెల్ల ప్లాస్టిక్ పైపు చూడండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి పెట్టే గ్యాస్ బాయిలర్లన్నీ దాదాపు కండెన్సింగ్ రకమే. పొగలోని ఆవిరిని నీళ్లుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి. ఆ నీళ్లు సన్నగా కారుతూ బయటికి పోయే పైపు అది. చలికి లోపల గడ్డకడితే నీళ్లు వెనక్కి నిండి బాయిలర్ తనంతట తానే ఆగిపోతుంది. 2018 ఫిబ్రవరి చివర్లో బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్ అని తూర్పు నుంచి చలిగాలులు వచ్చినప్పుడు దేశమంతా బాయిలర్లు ఇలా ఆగిపోయాయి, ఇంజనీర్లు దొరకలేదు.

పైపు వంపుల దగ్గర, కాలువలో దిగే చివర ఎక్కువగా గడ్డకడుతుంది. వేడినీళ్ల సంచి చుట్టి పెట్టండి, లేదా కెటిల్‌లో కాచి కాస్త చల్లారిన నీళ్లు పైపు మీద మెల్లగా పోయండి. మరుగుతున్న నీళ్లు పోస్తే ప్లాస్టిక్ పగులుతుంది. కింద పడ్డ నీళ్లు మళ్లీ గడ్డకట్టి జారతాయి, అక్కడ ఉప్పు చల్లండి. నిచ్చెన ఎక్కాల్సినంత ఎత్తులో ఉంటే వదిలేయండి. కరిగాక రీసెట్ నొక్కితే చాలాసార్లు వెంటనే వెలుగుతుంది. తర్వాత తీరిగ్గా బయటి భాగానికి వాన తట్టుకునే ఇన్సులేషన్ తొడిగించండి, పైపు మరీ సన్నదైతే 32 మిల్లీమీటర్లదానికి మార్చించండి, లేకపోతే వచ్చే జనవరిలో ఇదే పని.

శబ్దాల గురించి రెండు ముక్కలు. రేడియేటర్లో నీళ్లు జారుతున్న శబ్దం వస్తే గాలి. బాయిలరే కెటిల్ కాగుతున్నట్టు మోగుతుంటే లోపల సున్నం పేరుకుంది, లండన్, రెడింగ్ చుట్టుపక్కల నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి ఇది మామూలే, ఇంజనీరు పని. వేసవిలో నెలకోసారి పది నిమిషాలు హీటింగ్ వేస్తే పంపు పట్టేయకుండా ఉంటుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు

ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఒప్పందాల్లో హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లు పనిచేసేలా ఉంచాల్సింది ఇంటి ఓనరే, 1985 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 11 అదే చెప్తుంది. గ్యాస్ సేఫ్టీ చెక్ ఏడాదికోసారి చేయించి, 28 రోజుల్లోగా దాని కాపీ మీకివ్వాలి. గ్యాస్ పొయ్యి కాకుండా బాయిలర్ లాంటిది ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం కూడా 2022 అక్టోబరు 1 నుంచి ఆయన బాధ్యతే. కాబట్టి ప్రెషర్ నింపడం, గాలి తీయడం, పైపు కరిగించడం వరకు చేసుకోండి, అదీ ఏజెంట్‌కి ఒక మాట చెప్పి. వాల్వులు విప్పడం, రేడియేటర్ దించడం మీ ఖర్చుతో, మీ బాధ్యతతో పెట్టుకోకండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు, ఈమెయిల్ రాయండి, మీటర్ ఫొటో, కోడ్ ఫొటో జతచేయండి, ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే పెట్టండి.

రిపేరయ్యేదాకా ఒక్క గది ఎంచుకుని అందరూ అందులో ఉండండి. నూనె నింపిన ఎలక్ట్రిక్ రేడియేటర్ నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి వద్దు. గ్యాస్ పొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టుకోవడం, బార్బెక్యూ బొగ్గులు లోపలికి తేవడం ప్రాణాలు తీసే పనులు, ఎంత చలైనా చేయకండి.

ఇంజనీరుకి ఫోన్ చేసేటప్పుడు బాయిలర్ కంపెనీ, మోడల్, కోడ్, చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ ఎంత, వేడెక్కాక ఎంత, కుళాయిలో వేడినీళ్లు వస్తున్నాయా, ఏ రేడియేటర్లు చల్లగా ఉన్నాయి, మీరు ఏమేం చేసి చూశారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని చెప్పండి. గ్యాస్ సేఫ్ వెబ్‌సైట్లో పోస్ట్‌కోడ్ కొడితే దగ్గర్లో ఉన్నవాళ్లు కనిపిస్తారు. వచ్చిన మనిషిని కార్డు అడగండి, మొహమాటపడక్కర్లేదు, వాళ్లకది అలవాటే. ముందువైపు ఫొటో, గడువు తేదీ చూసి, వెనక్కి తిప్పితే ఆయన ఏ ఏ పరికరాల మీద పనిచేయొచ్చో ఉంటుంది, అందులో బాయిలర్ ఉందో లేదో చూసుకున్నాకే కవర్ విప్పనివ్వండి.